పడనంటే పడనన్న రోకలి

నేను చదివింది ఏడో తరగతి. అయితే ఆ ఏడునే మూడేళ్లు చదివాను కనుక, ఏళ్ల లెక్కన చూస్తే తొమ్మిది పాసైనవాడితో సమానం. మా హెడ్మాస్టరుగారు ఈ లెక్కకు ఒప్పుకోలేదు. అమ్మమ్మను బడికి పిలిపించి, "వీడి వల్ల బల్లలు అరుగుతున్నాయి తప్ప ఇంకేమీ జరగడం లేదమ్మా" అన్నారు. అమ్మమ్మ మర్నాడే నన్ను ఒక వెల్డింగు కొట్టులో అప్పగించింది. అక్కడ అరగదీస్తే జీతమిస్తారు. ఆ విధంగా నాకున్న ఒకే ఒక్క విద్యకు గుర్తింపు దొరికింది.

2019 నాటికి ఆమదాలవలసలో, స్టేషనుకు వెళ్లే దారిలో, నాకు సొంత కొట్టు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టరు తొట్టెలకు అతుకులు నా పని. పక్క కొట్టులో నా స్నేహితుడు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. అతను పాలిటెక్నిక్‌లో ఏడాదిన్నర కూర్చుని లేచి వచ్చినవాడు. ఇద్దరినీ కలిపి తూచినా ఒక పట్టా రాదు గానీ, నెట్టు చౌకైన దగ్గర్నుంచి మాకు సైన్సు పిచ్చి పట్టింది. రోజూ సాయంత్రం టీ దగ్గర ఒక్కొక్కడూ ఒక వింత చెప్పాలి. విన్నవాడు నోరు తెరిస్తే చెప్పినవాడు గెలిచినట్టు. తెరవకపోతే చెప్పినవాడే గ్లాసులు కడగాలి.

"ఆక్టోపస్‌కి గుండెలు మూడురా" అని నేనంటే, "అయితే ప్రేమించడానికి ఒకటి, పెళ్లికొకటి, అప్పులోళ్లకొకటి" అనేవాడు అతను, నోరు మాత్రం తెరవకుండా. శుక్రగ్రహం మీద ఒక రోజు అక్కడి ఏడాది కన్నా పెద్దదని అతను చెప్పినరోజు నేను ఓడిపోయాను. టీ కాచే ముసలాయన మాత్రం చలించలేదు. "మరక్కడ రోజుకూలోళ్ల పేనం ఏటవుతాది బాబూ?" అన్నాడు. ఆ రోజు గ్లాసులు ఇద్దరం కలిసి కడిగాం.

ఇంట్లో నా వింతలకు నోరు తెరిచే నాథుడే లేడు. మేనమామ కూతుర్ని చేసుకున్నాను. అమ్మమ్మ నాకు అమ్మమ్మ, నా భార్యకు నాయనమ్మ. ఉన్నది మేం ముగ్గురమే. నా మీద ఫిర్యాదు చెయ్యడానికి ఎవరూ వేరే గడప ఎక్కక్కర్లేదు, అక్కడే అయిపోతుంది.

అంతకు ముందు ఏడాది మాకు మూడో నెలలో కడుపు పోయింది. ఇలాంటివి ఎవరి తప్పూ లేకుండానే జరుగుతాయని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక అదే సంగతి నేను ఫోనులో చూసి, బొమ్మలతో సహా, మరింత వివరంగా నా భార్యకు చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నేను చాలాసేపు ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను. అందులో ఇంకా చాలా సంగతులున్నాయి. ఒక్కటీ ఆమె వీపు వైపు చెప్పదగ్గది కాదు.

మళ్లీ నెల తప్పింది. ఐదో నెల నడుస్తుండగా, డిసెంబరు చివర్లో సూర్యగ్రహణం వచ్చిపడింది.

మా వైపు గ్రహణం నాడు కడుపుతో ఉన్నవాళ్లు చీకటి గదిలో చాప మీద కాళ్లు చాపుకుని నిటారుగా పడుకోవాలి. ఒత్తిగిలకూడదు, గోక్కోకూడదు, తినకూడదు, తాగకూడదు. కదిలితే బిడ్డకు పెదవి చీలుతుందంటారు. పెదవి చీలికకు మన భాషలో పేరే గ్రహణం మొర్రి. పేరులోనే నేరం మోపేశాక ఇంక వాదించేది ఎవరితో? నేను వాదించాను, అది వేరే సంగతి.

"సూరీడికీ చంద్రుడికీ మధ్య గొడవైతే మన పిల్ల పెదవికేటే?" అన్నాను నా భార్యతో.

"ఏటీ లేదు బావా. నాకూ తెలుసు. నీకంటే ఎక్కువే, పదోతరగతి దాకా సదివినాను."

"మరి?"

"మరి ఈసారి ఏదీ వద్దు."

ఆ "ఈసారి" అన్న మాట దగ్గర నా సైన్సు మొత్తం ఆగిపోయింది. అమ్మమ్మ బలవంతమైతే అమ్మమ్మతో పోట్లాడేవాణ్ణి. పడుకునే మనిషే పడుకుంటానంటే ఏం చెయ్యను? కానీ మూడు గంటల గ్రహణం మూడు గంటలకే అయిపోవాలి కదా, ఆ పూచీ నాది అనుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో గ్రహణం వదిలిందని చెప్పే అధికారం పంచాంగానికి లేదు, టీవీకి లేదు. రోకలికి ఉంది.

తెలియనివాళ్లుంటారేమో, చెబుతాను. ఇత్తడి పళ్లెంలో నీళ్లుపోసి, పసుపు కుంకుమ వేసి, మధ్యలో రోకలి నిలబెడతారు. గ్రహణం పట్టాక అది తనంతట తాను నిలబడుతుంది. వదలగానే తనంతట తాను పడిపోతుంది. అమ్మమ్మ దృష్టిలో ఇంతకన్నా కచ్చితమైన యంత్రం ప్రపంచంలో లేదు.

నిజానికి రోకలి ఏ రోజైనా నిలబడుతుంది, అడుగు సమంగా ఉండి చెయ్యి ఓపిగ్గా ఉంటే చాలు. ఇది మా టీ దగ్గర ఎప్పుడో తేలిపోయిన సంగతి. దాన్ని ఇంట్లో తేల్చాలని నాకు బుద్ధి పుట్టింది.

గ్రహణానికి రెండురోజుల ముందు, "పొన్ను వదులైంది అమ్మమ్మా, బిగించి తెస్తాను" అని రోకలిని కొట్టుకు పట్టుకెళ్లాను. పొన్ను అంటే రోకలి అడుగున ఉండే ఇనప కట్టు. ఏళ్లతరబడి దంచి దంచి ఒక పక్కకు అరిగిపోయి ఉంది. గ్రైండరు పెట్టి సమం చేశాను. నిలువు సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం పెట్టి నాలుగు వైపులా చూశాను. మళ్లీ చేశాను. ఎమ్మెల్యేగారి గేటుకైనా అంత శ్రద్ధ పెట్టలేదు. కొట్టు గచ్చు మీద నిలబెడితే, ప్లాట్‌ఫారం మీద టికెట్ కలెక్టరు నిలబడ్డట్టు నిలబడింది. నా స్నేహితుడు వేలితో నెట్టి చూశాడు. కాస్త వంగి, మళ్లీ యథాస్థానంలో నిలబడింది.

"ఒరే, ఇది పడతాదేటి?" అన్నాడు.

"పడకపోవడమే కదరా పని. గ్రహణం వదిలాక కూడా నిలబడే ఉంటాది. ఇంట్లోవాళ్లు సూస్తారు. అయితే గ్రహణానికీ రోకలికీ సంబంధం లేదన్నమాట అని వాళ్లకి వాళ్లే తెలుసుకుంటారు. నేను నోరిప్పక్కర్లేదు."

"నువ్వు నోరిప్పకుండా జరిగే పనంటే బాగానే ఉన్నాది" అన్నాడు.

గ్రహణం నాడు పొద్దున్నే తలస్నానాలయ్యాయి. నీళ్లబిందెల మీద, పచ్చళ్ల జాడీల మీద గరిక పరకలు పడ్డాయి. నా భార్య లోపలి గదిలోకి వెళుతూ, "బావా, అలికిడి సెయ్యకు, నవ్వించకు, నవ్వితే కదుల్తాను" అంది. తలుపు దగ్గరగా వేశాం. ఎనిమిది దాటాక అమ్మమ్మ వసారాలో పళ్లెం పెట్టి రోకలి అందుకుంది. మామూలుగా పది పదిహేనుసార్లు ఒరిగి, ఆవిడ ఊపిరి బిగబట్టి, పక్కవాళ్లు ఊపిరి బిగబట్టి, అప్పుడు గాని నిలబడేది కాదు. ఈసారి పెట్టీపెట్టగానే నిలబడిపోయింది. అమ్మమ్మ రెండు చేతులూ వదిలేసి వెనక్కి జరిగింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూసినావురా, ఎంత గట్టిగా పట్టిందో గెరనం! నా బతుకులో ఇలాగ నిలబడనేదు."

అక్కడే నాకు కొంచెం అనుమానం రావలసింది. రాలేదు. నేను వీధిలోకి వెళ్లి సైన్సు ప్రదర్శన పెట్టుకున్నాను. మామూలు వెల్డింగు అద్దంతో సూర్యుణ్ణి చూడకూడదు, పద్నాలుగో నంబరు కావాలి. అది విశాఖపట్నం నుంచి ప్రత్యేకంగా తెప్పించాను. అందులోంచి వీధి వీధంతా సూర్యుణ్ణి చూసింది. ఒక పక్క కొరికేసిన బిస్కత్తులా ఉన్నాడు, పైగా ఆకుపచ్చగా. నా స్నేహితుడు పేపరుకు సూదిబెజ్జం పెట్టి నేల మీద బుల్లి బుల్లి నెలవంకలు చూపించాడు. మా ఇద్దరి జీవితాల్లో అంత గౌరవం దక్కిన పొద్దు ఇంకొకటి లేదు.

పదకొండు దాటింది. బిస్కత్తు నిండింది. వీధిలో అందరూ తమ రోకళ్లు పడ్డాయన్నారు. కొన్ని పడ్డాయి, కొన్నింటిని మనుషులు తీశారు, ఎవరూ ఆరా తియ్యలేదు. నేను చిరునవ్వుతో ఇంట్లోకి వచ్చాను. రోకలి నిలబడే ఉంది. అమ్మమ్మ దాని ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది.

"వదిలీసింది కదా అమ్మమ్మా" అన్నాను తేలిగ్గా.

"నీ కళ్లకి కనబడతన్నాది కాదేటి? నిలబడున్నాది."

"అదే కదా నేను సెప్పేది. గ్రహణం లేదు, రోకలున్నాది. అంటే ఏటి?"

అమ్మమ్మ నావైపు జాలిగా చూసింది. "అంటే వదల్లేదని."

నేను వేసుకున్న లెక్కలో రెండు జవాబులుంటాయని నాకు తట్టనేలేదు. అద్దం తెచ్చి, బయటికొచ్చి చూడమన్నాను. ఆవిడ లేచి, అద్దం కళ్లకు అడ్డం పెట్టుకుని ఒక్క చూపు చూసి, తిరిగి ఇచ్చేసింది.

"సూరీడు ఆకుపచ్చగుంటాడేటిరా ఎదవా? నీ అద్దమే అబద్ధాలాడతాది. దానికంటే నా రోకలి నయం."

లోపలి నుంచి గొంతు వినిపించింది. "పడిందా బావా?"

"పడిపోతాదే. వచ్చీసింది, ఐదు నిమిషాలు."

అప్పుడే కొత్తవలస నుంచి అత్త ఫోను చేసింది. అత్త అంటే నా భార్య తల్లి. స్పీకరు పెట్టాను, మంచి సాక్ష్యం దొరికిందని.

"మా రోకలి పదకొండున్నరకే పడిపోనాది. ఇక్కడ అందరివీ పడిపోనాయి" అంది అత్త.

"విన్నావా అమ్మమ్మా!"

"మీదింకా నిలబడే ఉన్నాదా? ఓలమ్మో!" అత్త గొంతు మారిపోయింది. "ఒక్క మీ ఇంట్లోనేనా? అక్కడ కడుపుతో ఉన్న పిల్లుంది కదా. దానికోసమే ఆగీసింది కాబోలు. పిల్లని కదలనీకండి!"

ఫోను కట్టేశాను గానీ ఆ మాట లోపలి గదిలోకి అప్పటికే వెళ్లిపోయింది. ఇందాకటి దాకా అప్పుడప్పుడూ వినిపించిన గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆమె ఇప్పుడు నిజంగానే కదలడం లేదు.

పొద్దున ఏడుకు ఆమె తాగింది గుక్కెడు పాలే. పన్నెండవుతోంది. నేను దాన్ని పడగొట్టాలి. ముట్టుకోకుండా పడగొట్టాలి, అమ్మమ్మ పీట కదిలించదు. స్నేహితుడి కోసం పరిగెత్తాను. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుందనీ, సరిగ్గా ఆ ఊపు అందిస్తే వంతెనలే కూలిపోతాయనీ మేమిద్దరం ఎన్నిసార్లు చెప్పుకున్నాం! అతను పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద స్పీకరు పెట్టె ఒకటి తోపుడుబండి మీద పెట్టి తెచ్చాడు. ఫోనులోంచి సన్నగా మొదలుపెట్టి, లావుగా, ఇంకా లావుగా, భూమి లోపల ఎవరో గురక పెడుతున్నట్టు మోత పెట్టాం. పళ్లెంలో నీళ్లు గుండ్రాలు గుండ్రాలుగా కదిలాయి. కిటికీ రెక్కలు వణికాయి. వీధి కుక్కలు స్టేషను వైపు వెళ్లిపోయాయి. రోకలి వింటూ నిలబడింది.

"ఏటి సేసినావురా దీన్ని?" అన్నాడు అతను గుసగుసగా.

"మూలమట్టం ఎట్టినాను."

"అంత పనిమంతుడివని నాకు తెలీదురా."

మా ఇంటి వెనకే రైలు పట్టాలు. పన్నెండుంపావుకు ఒక గూడ్సు వచ్చింది. బొగ్గు బండి, ఎప్పటికీ అయిపోదు. గోడ మీద దేవుళ్ల పటాలు టకటకలాడాయి, డబ్బాల మూతలు మోగాయి. నేను చేతులు జోడించాను. నేను దండం పెట్టింది పటాలకో, బండికో, రోకలికో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. బండి వెళ్లిపోయింది.

ఈలోగా చూడ్డానికి జనం మొదలయ్యారు. ఎదురింటావిడ నిమ్మకాయ తెచ్చి పళ్లెంలో వేసింది. ఇంకొకావిడ పొన్నుకు బొట్టు పెట్టింది, నేను గ్రైండరు పెట్టిన అంచుకు కాస్త పైన. ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నారు. "పిల్ల ఎలాగుంది పాపం?" అని లోపలివైపు చూసి గొంతు తగ్గించి అడుగుతున్నారు. ఆ తగ్గించిన గొంతులు నాకు నచ్చలేదు. కిందటేడు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజున విన్నవీ అవే.

ఇంక లాభంలేదని చెప్పేశాను. అందరి ముందూ చెప్పేశాను. "అమ్మమ్మా, రోకలిని నేనే రుద్దినాను. గ్రైండరెట్టి అడుగు సమం సేసినాను. అందుకే పడటం లేదు. రేపటికీ పడదు. సంక్రాంతెళ్లిపోయినా పడదు."

జనం నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. అమ్మమ్మ తిట్టలేదు కూడా. కాసేపు రోకలిని చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"అయితే ఇప్పుడు వదిలిందో నేదో ఎలాగ తెలుస్తాదిరా?"

"గడియారం..."

"నా గడియారం ముళ్లు నువ్వే ఇరిసీసి, నీ గడియారం సూడమంటావేటి? పట్టిందని దీన్ని సూసే కదా పిల్లని పడుకోబెట్టినాను. ఇప్పుడు దేన్ని సూసి లెగమనాల?"

ఆవిడ తప్పేమీ మాట్లాడలేదు. ఉన్న ఒక్క కొలతనూ నా చేత్తో పాడుచేసి, ఇప్పుడు నా కొలత నమ్మమంటున్నాను. నేనెవరిని? ఏడో తరగతి, మూడుసార్లు.

"పడిందా బావా?" గొంతు సన్నబడిపోయింది.

లేదు అనలేను. పడింది అని అబద్ధం చెప్పొచ్చు, నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ తర్వాత, దేవుడి దయ లేక ఏదైనా జరిగితే? నాకు తెలుసు, జరిగినా దీనివల్ల జరగదు. బొమ్మలతో సహా తెలుసు. అయినా ఆ అబద్ధం జీవితాంతం మా ఇద్దరి మధ్య చాప వేసుకుని పడుకుంటుంది. (ఆ రోజు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు బడికెళ్లి, ఉన్న పెదవులు చాలక నావి కూడా అరువు తీసుకుని మాట్లాడుతోంది కనుక, చదివేవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఈ సౌకర్యం లేదు.) గోడకు చేరగిలబడి, అమ్మమ్మ పక్కనే నేల మీద కూలబడ్డాను. ఇద్దరం కలిసి రోకలిని చూస్తూ కూర్చున్నాం. పడవే తల్లీ అని మనసులో అనుకున్నాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఒంటిగంట కావస్తుండగా లోపల్నించి చిన్న దగ్గు వినిపించింది. దగ్గి, కదిలానేమోనని ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

అమ్మమ్మ లేచింది. పెరట్లోకి వెళ్లి నెత్తిన రెండు చెంబుల నీళ్లు గుమ్మరించుకుని, తడిచీరతో వచ్చింది. పళ్లెం ముందు వంగి, రోకలిని రెండు చేతులా పట్టుకుని ఎత్తింది. పసిపిల్లను దింపినట్టు గోడవారన నేల మీద పడుకోబెట్టింది.

"పడింది" అంది గట్టిగా, ఇల్లంతా వినబడేలా.

నేను ఉండబట్టలేక, "అమ్మమ్మా, పడలేదు కదా, నువ్వే..." అన్నాను.

"నోర్ముయ్‌. అన్నం వార్చు."

తలుపు తీసి ఆవిడే లోపలికి వెళ్లింది. "లెగే తల్లీ, వదిలీసింది" అంటూ నడుం కింద చెయ్యి వేసి లేపింది. నా భార్య బయటికొచ్చి, వెలుతురుకు కళ్లు చిట్లించి, మొదట నేల మీద రోకలిని చూసింది, తర్వాత నన్ను. గ్లాసుడు నీళ్లు తాగింది. ఇంకో గ్లాసు తాగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగి, "తంతన్నాది" అంది. అమ్మమ్మ అప్పుడు కూర్చుంది, పీట మీద కాదు, కింద, తడిచీరతోనే.

పొద్దువాలాక పెరట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె జంతికలు తింటోంది. ఆపకుండా తింటోంది. కడుపు నిండిన మనిషిని చూసేసరికి నా నోరు మళ్లీ ఊరుకోలేదు. అమ్మమ్మ రోకలెత్తిన పద్ధతి చూపించాను, స్పీకరుకు కుక్కలు పారిపోయిన పద్ధతి చూపించాను.

"మొత్తానికి సైన్సే గెలిసిందే. రోకలి దానంతటది పడదని మీ మామ్మే రుజువు సేసీసింది" అన్నాను.

ఆమె జంతిక నములుతూ నావైపు చూసింది.

"గెలిసిందా? నువ్వు బయట నుంచి సంగతులన్నీ సెప్పినావు గానీ, ఒక్కసారి తలుపు తీసి 'రావే' అనలేదు బావా. అనుంటే వచ్చీదాన్నే. నువ్వూ మా మామ్మ పక్కన కూకోని రోకలినే సూసినావంట కదా, ఎదురింటత్త సెప్పింది. సరే, నాకంటే కడుపున్నాది, భయపడ్డాను. నీకేటున్నాది?"